ఎమ్మెల్యే మీటింగు పెడుతున్న మా చిట్టికి

చిట్టీ,

"మన చిట్టి ఎమ్మెల్యేనే ఊరికి పిలిపించి మీటింగు పెడుతోందంట" అని మొన్న మీ అమ్మ ఫోన్లో చెప్పినప్పటి నుంచి నాకు ఒకచోట కాలు నిలవడం లేదు. పింఛన్లు, ఇళ్ల పట్టాలు, బెంగుళూరు వలసల గురించి పొదుపు గ్రూపు ఆడవాళ్లతోనే అడిగిస్తావా! మా రోజుల్లో ఎమ్మెల్యే జీపు కనపడితే కొంగు సర్దుకుని పక్కకి తప్పుకునేవాళ్లం. గర్వంగా ఉందే తల్లీ. దానికి రెండింతలు టెన్షన్‌గానూ ఉంది. ఫోన్లో చెప్తే "సరే పెద్దమ్మా, సరే" అని పెట్టేస్తావు, అందుకే రాస్తున్నాను.

షామియానా, నీళ్లు నీకు తెలియనివి కావు. శాలువాలూ బొకేలూ వద్దు, సగం టైము వాటికే పోతుంది. సర్పంచి మనుషులు కుర్చీలు అడిగితే ఇవ్వు, మైకు మాత్రం ఇవ్వకు. మీటింగుకి రాకపోతే ఫైన్ అని గ్రూపుల్లో బెదిరిస్తారు చూడు, నువ్వా పని చేశావని తెలిస్తే చెవి మెలిపెడతాను. ఫైనుకి భయపడి వచ్చినవాళ్లు ఎప్పుడు వదిలేస్తారా అని చూస్తుంటారు, నోరు విప్పరు.

ఎవరిని ఏమడగాలో ముందే తేల్చుకో. పింఛను దరఖాస్తు సంగతి ఎంపీడీవో చూడాలి, పట్టా సంగతి తహసీల్దారు. వాళ్లిద్దరినీ పిలిపించు. ఎమ్మెల్యే చేతిలో ఉన్నది అసెంబ్లీలో ప్రశ్న వేయడం. మన మండలంలో అర్హత ఉండీ పింఛను రానివాళ్లు ఎంతమంది, ఎందుకు రాలేదు అని ప్రశ్న నువ్వే కాగితం మీద రాసి ఆయన చేతికివ్వు. మంత్రి చెప్పే జవాబు రికార్డులో ఉంటుంది. బడ్జెట్ సమావేశాలకి ముందే మీటింగు పెట్టుకో. లెక్కల కోసం ఇప్పుడే సమాచార హక్కు కింద అర్జీ పడేయ్, 30 రోజుల్లో జవాబివ్వాలి. పేదవాళ్ల కార్డు జత చేస్తే ఫీజు కూడా లేదు.

ఇక అసలు నా భయం సంగతి.

2006 ఫిబ్రవరి 2న ప్రధాని మన్మోహన్ సింగ్ మన అనంతపురం జిల్లా బండ్లపల్లికి వచ్చి ఉపాధి హామీ పనులు మొదలుపెట్టినప్పుడు మాకందరికీ పండగే. ఆ చట్టం ప్రకారం పని చేసిన పదిహేను రోజుల్లో కూలి రావాల్సి ఉండేది. కొన్నాళ్లకి మా పక్క ఊళ్లో ఒకతను కూలీల పోస్టాఫీసు పాసుబుక్కులన్నీ తన దగ్గరే పెట్టుకుని, వేలిముద్రలు వేయించుకుని, చేతికి సగమే ఇచ్చేవాడు. అప్పటి మా సంఘం ప్రెసిడెంటు ఎమ్మెల్యేని పిలిచి మీటింగు పెట్టించాడు. మాట్లాడ్డానికి ఒంటరిగా ఉండే ఒక ముసలామెను నిలబెట్టాడు. ఆమె ఏడిస్తే ఎవరి గుండె అయినా కరుగుతుందని ఆయన లెక్క. ఆమెను ఒక మాట అడిగింది లేదు, ముందురోజు రాత్రి వెళ్లి "పొద్దున నువ్వే మాట్లాడాలవ్వా" అన్నాడంతే.

ఆమె మైకు రెండు చేతులతో పట్టుకుని వాడి పేరు చెప్పేసింది. చప్పట్లు. ఎమ్మెల్యే అక్కడే అధికారిని తిట్టాడు, "రేపటికల్లా తేలిపోవాలి" అన్నాడు. పేపర్లో ఫోటో కూడా పడింది. అర్జీ రాసిందీ లేదు, రశీదు తీసుకున్నదీ లేదు. ట్రాక్టర్లెక్కి ఎవరి ఊళ్లకి వాళ్లం వచ్చేశాం.

వాడి తమ్ముడిదే ఆ ఊళ్లో కిరాణా కొట్టు. ఆమెకి అక్కడ బాకీ ఉంది. మర్నాడు పొద్దున్నే బాకీ కట్టమన్నాడు, బియ్యం ఇవ్వనన్నాడు. తర్వాతి వారం మస్టర్లో, అంటే పనివాళ్ల హాజరు పట్టీలో, ఆమె పేరు లేదు. తన పాసుబుక్కూ వాడి దగ్గరే, ఆ సంగతైనా కనుక్కోవడానికి సంఘం నుంచి ఎవరూ వెళ్లలేదు. మా ప్రెసిడెంటు అప్పటికే ఇంకో మండలంలో మీటింగు ఏర్పాట్లలో పడ్డాడు. చివరికి ఆమె బెంగుళూరులో కూతురి దగ్గరికి వెళ్లి, ఆ వయసులో అంట్లు తోమే పనికి కుదిరింది. ఆయనకి తప్పు ఎక్కడ జరిగిందో ఈరోజుకీ తెలీదు, మీటింగు బాగా జరిగిందనే చెప్తాడు.

ఉపాధి పనుల లెక్కలు జనం ముందే తనిఖీ చేసే సోషల్ ఆడిట్ వాళ్లు వచ్చాక పద్ధతి వేరేగా కనిపించింది. ఇంటింటికీ తిరిగి మస్టర్ చదివి వినిపించి, ఎవరి మాట వాళ్ల ఎదుటే రాసుకునేవాళ్లు. ఆ లెక్కలు అందరి ముందూ విచారించే ప్రజావేదిక మండలంలో పెట్టేసరికి ఒకే మనిషి మీద ఊరి నిండా వాంగ్మూలాలు ఉండేవి. ఇక కొట్లో బాకీ కట్టమని ఎంతమందిని నిలదీస్తాడు?

నువ్వూ అట్లాగే చెయ్యి. ఒక్కొక్క సమస్యకీ నలుగురైదుగురు లేచి మాట్లాడాలి, అందరి సంతకాలతో ఒకటే అర్జీ ఉండాలి. ఒంటరి ఆడవాళ్లనీ, ఎదుటివాడి దగ్గర అప్పున్నవాళ్లనీ మైకు దగ్గరికి పంపకు, వాళ్ల మాట వేరేవాళ్లు చెప్పొచ్చు. అర్జీ నకలు మీద తేదీ, ఆఫీసు ముద్ర వేయించుకోకుండా ఎమ్మెల్యే కారెక్కనివ్వకు. మీటింగైన మర్నాడే నువ్వు ఊరు విడిచి పోతే ఊరుకోను. కనీసం ఒక నెల, మాట్లాడిన ప్రతి ఇంటికీ వెళ్లి మస్టర్లో పేరుందా, ఒకటో తారీకు పింఛను చేతికొచ్చిందా, కొట్టువాడు ఏమైనా అన్నాడా అని అడుగుతూ ఉండు.

మీటింగు రోజు ఏమీ తినకుండా తిరుగుతావు, నాకు తెలుసు. పెరుగన్నమైనా తిని వెళ్లు. ఎవరెవరు మాట్లాడతారో ఆ పేర్లు నాకు ముందే పంపు. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకి ఆర్టీసీ బస్సులో టికెట్టు లేదుగా, ముందురోజు సాయంత్రానికే దిగుతాను. ఆ పేర్లున్న ఇళ్లన్నీ రాత్రికి ఇద్దరం కలిసి తిరిగొద్దాం.

మీ పెద్దమ్మ