పాఠకుల ప్రశ్నలు: రెజా ఆబెదీనీ పోస్టర్లు, ఫార్సీ అక్షరాలు

ప్రశ్న: ఇరాన్ డిజైనర్ రెజా ఆబెదీనీ డిగ్రీ గ్రాఫిక్ డిజైన్‌లో కాదని విన్నాను. మరి ఆ సబ్జెక్టే ఎలా బోధించారు? (ఫైన్ ఆర్ట్స్ విద్యార్థిని, విశాఖపట్నం)

మీరు విన్నది సగమే నిజం. 1967లో టెహరాన్‌లో పుట్టిన ఆబెదీనీ 1985లో అక్కడి ఫైన్ ఆర్ట్స్ స్కూల్లో గ్రాఫిక్ డిజైనే పూర్తి చేశారు. 1992లో టెహరాన్ ఆర్ట్ యూనివర్సిటీ నుంచి తీసుకున్న డిగ్రీ మాత్రం పెయింటింగ్‌లో. మరుసటి ఏడాది సొంత స్టూడియో పెట్టారు, ఆపైన టెహరాన్ యూనివర్సిటీలో పాఠాలు చెప్పారు. 2006లో నెదర్లాండ్స్ వారి ప్రిన్స్ క్లాజ్ ప్రధాన అవార్డు వచ్చింది. తర్వాత బీరూట్‌లోని అమెరికన్ యూనివర్సిటీలో అధ్యాపకుడయ్యారు. అసలు టెహరాన్ యూనివర్సిటీలో గ్రాఫిక్ డిజైన్ బోధనకు పునాది వేసిన మొర్తెజా మొమయ్యెజ్ కూడా పెయింటింగ్ చదివినవారే. అక్కడ దాన్నెవరూ లోటుగా చూడరు.

ప్రశ్న: ఆబెదీనీ పోస్టర్లలో మనిషి ఆకారం నిండా అక్షరాలుంటాయి. అదే పద్ధతిలో ముషాయిరాకు ఉర్దూ పోస్టర్ చేయబోతే, ఇలస్ట్రేటర్‌లో ఎన్వలప్ డిస్టార్ట్ (అక్షరాలను ఒక ఆకారంలోకి వంచే టూల్) పెట్టగానే అక్షరాలు వికారంగా తయారయ్యాయి. ఎక్కడ తప్పు? (డిజైనర్, హైదరాబాద్)

తప్పు ఆ టూల్‌లోనే ఉంది. నస్తాలీఖ్‌లో, అంటే ఉర్దూ, ఫార్సీ రాసే వాలు శైలిలో, గీత ఎక్కడ లావు, ఎక్కడ సన్నం అనేది రెల్లు కలం కోణాన్ని బట్టి ఉంటుంది. కలం మొన వేసే చుక్కే కొలత. నిలువు గీతలాంటి అలిఫ్ అక్షరం ఎత్తు మూడు చుక్కలు. ఎన్వలప్ ఆ నిష్పత్తినే వంచేస్తుంది. అక్షరాన్ని ఆకారంలోకి కుక్కకండి, అక్షరాల అంచులే ఆకారాన్ని గీయాలి.

ఇందుకు మంచి నమూనా సియాహ్ మష్క్. ఖుష్‌నవీసులు (అందంగా రాసే కళాకారులు) సాధన కోసం ఒకే కాగితం మీద అవే అక్షరాలను పదేపదే, ఒక్కోసారి తలకిందులుగా కూడా రాసి నలుపు చేసేవారు. 19వ శతాబ్దంలో మీర్జా గులాంరెజా ఇస్ఫహానీ చేతిలో అది సొంతంగా ఒక కళే అయింది. ఆబెదీనీ పోస్టర్ల వెనక ఉన్న ముఖ్యమైన వనరుల్లో ఇదొకటి.

ముందు ఆకారాన్ని 20 శాతం బూడిద రంగులో పెట్టి ఆ లేయర్‌ను లాక్ చేయండి. తల, భుజం లాంటి వంపుల దగ్గర పెద్ద పదాలతో మొదలుపెట్టండి: నూన్, యే అక్షరాల గిన్నెలాంటి వంపులు భుజానికి, సాగదీసిన బే, సీన్ చేతులకు కుదురుతాయి. కీబోర్డులోని కషీదా (అక్షరాల మధ్య సాగదీసే అడ్డగీత) గీతతో మాత్రం సాగదీయకండి. ఆ అడ్డగీత నస్ఖ్‌కు, అంటే అచ్చు అరబిక్‌లో కనిపించే శైలికి సరే. నస్తాలీఖ్‌లో సాగిన అక్షరానికి వేరే వంపు ఉంటుంది, అది ఫాంట్‌లో లేకపోతే చేత్తో రాయించి స్కాన్ చేయడమే నయం. చిన్న పదాలు చివర్లో, ఖాళీలు పూడ్చడానికి. అప్పుడే అవుట్‌లైన్ చేయండి (అక్షరాలను బొమ్మలుగా మార్చండి), మామూలు టెక్స్ట్ కాపీ ఒకటి పక్కన ఉంచుకోండి.

అందం కోసం చుక్కలు జరిపితే మాటే మారిపోతుంది. కింద ఒక చుక్క బే, కింద మూడు పే, పైన రెండు తే. అవుట్‌లైన్ చేశాక ఉర్దూ వచ్చినవారితో ఇంకోసారి చదివించండి. ప్రింట్‌కు నలుపు ఒక్క ప్లేటులోనే ఉండాలి. నాలుగు రంగులు కలిపిన నలుపైతే రిజిస్ట్రేషన్ (ప్లేట్లు ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోవడం) కాస్త తప్పినా సన్నని గీతల అంచు చెదురుతుంది.

ప్రశ్న: మా పుస్తకంలో ఇరాన్ కవుల పేర్లు ఫార్సీ లిపిలో పెడితే అక్షరాలు విడివిడిగా, ఎడమ నుంచి కుడికి వస్తున్నాయి. (డీటీపీ ఆపరేటర్, గుంటూరు)

ఇన్‌డిజైన్‌లో పేరాగ్రాఫ్ కంపోజర్‌ను వరల్డ్-రెడీకి మార్చండి. తెలుగు ఒత్తులు సరిగా పడాలన్నా కావలసింది అదే. తర్వాత ఫార్సీ కీబోర్డే వాడారో లేదో చూడండి. అరబిక్ కీబోర్డుతో కొడితే పదం చివరి యే కింద రెండు చుక్కలు వస్తాయి, ఫార్సీలో అవి ఉండవు. 4, 5, 6 అంకెల రూపాలు కూడా వేరు. ఇక 'మీరవమ్' (వెళ్తాను) లాంటి క్రియల్లో 'మీ' తర్వాత మామూలు స్పేస్ కొట్టకండి, లైను చివర మాట రెండుగా విరుగుతుంది. అక్కడ 'నీమ్ ఫాసెలె', అంటే అరస్పేస్ పడాలి. 'సాఫ్ట్‌వేర్' రాసేటప్పుడు ట కింద వ ఒత్తు పడకుండా మనం పెట్టే కనబడని క్యారెక్టరే అది.