భవిత కేంద్రంలో చేరబోతున్న బుజ్జికి

చిరంజీవి బుజ్జికి పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు ప్రత్యేక అవసరాలున్న పిల్లల భవిత కేంద్రంలో ఐఈఆర్‌పీగా, అంటే వాళ్ళ చదువు చూసే టీచరుగా చేరుతున్నావనీ, వాళ్ళకు పనికొచ్చే కొత్త పరికరాల సంగతులు పాడ్‌కాస్టులు విని నేర్చుకుంటానంటున్నావనీ మీ నాన్న ఫోన్లో చెప్పాడు. కడుపు నిండిపోయింది తల్లీ. ఆ వెంటే గుబులూ మొదలైంది. పొద్దున బస్సులో విన్నది సాయంత్రానికల్లా ఏ పిల్లాడి తల్లికో చెప్పేస్తావేమోనని.

ముందు తేలిక పనులు చెప్తాను. ఫోన్లో యాంటెనాపాడ్ అనే పాడ్‌కాస్ట్ యాప్ వేసుకో, ఉచితం. వైఫై ఉన్నప్పుడే డౌన్‌లోడ్ అయ్యేలా, విన్నవి వాటంతటవే చెరిగిపోయేలా సెట్టింగ్స్ పెట్టు. మామూలు నాణ్యతలో నిమిషానికి సుమారు ఒక ఎంబీ పడుతుంది, అంటే అరగంట ఎపిసోడ్‌కి ముప్ఫై ఎంబీ. నెలకోసారి నీ జాబితాను ఓపీఎంఎల్ ఫైలుగా బయటికి తీసి మెయిల్లో దాచుకో. 2024లో గూగుల్ పాడ్‌కాస్ట్స్ మూతపడినప్పుడు ఈ ఫైలు ఉన్నవాళ్ళు ఇంకో యాప్‌కి హాయిగా మారిపోయారు.

మొదట్లో మూడు పాడ్‌కాస్టులు చాలు. పరికరాల వార్తలకు ఇండియానా నుంచి వచ్చే అసిస్టివ్ టెక్నాలజీ అప్‌డేట్. వికలాంగుల బతుకు, హక్కులు, చదువు గురించి వాళ్ళ నోటే వినడానికి బీబీసీ వాళ్ళ యాక్సెస్ ఆల్. మన దేశపు అంధుల సంగతులకు స్కోర్ ఫౌండేషన్ వారి ఐవే. డబుల్ ట్యాప్ కూడా మంచిదే కానీ అన్ని ఎపిసోడ్లూ వినే తీరిక నీకుండదు, శీర్షిక చూసి పనికొచ్చేదే విను. ఎక్కువ పెట్టుకుంటే ఏదీ పూర్తిగా వినవు. వాళ్ళ యాస అలవాటయ్యేదాకా వేగం పెంచకు. పరికరం పేరు చెవికి సరిగ్గా అందకపోతే ఊహించి రాసుకోకు, ఎపిసోడ్ కింద వివరాల్లో స్పెల్లింగూ లింకూ ఉంటాయి.

ఇక అసలు విషయం. మన రంగంలో ఎప్పటినుంచో జరుగుతున్న పొరపాటు ఒకటుంది. ఒక ఎపిసోడ్‌లో రీడింగ్ పెన్ తయారుచేసిన ఆయనే వచ్చి మాట్లాడతాడు. నిశ్శబ్దమైన గదిలో, శుభ్రంగా అచ్చైన ఇంగ్లిష్ వాక్యం మీద పెన్ను జరుపుతాడు. అది గుక్క తిప్పుకోకుండా చదివేస్తుంది. విన్న టీచరు చదవడానికి ఇబ్బందిపడే పిల్లాడి ఇంట్లో చెప్తుంది. ఆ తల్లి గాజులు తాకట్టు పెట్టైనా కొంటుంది. పెట్టె విప్పాక చూస్తే మెనూలో తెలుగే ఉండదు.

తెలుగు ఉన్నా సరే, నమ్మేయకు. పెన్ను కొనలో కెమెరా చూసేది ఒక్క లైను ఎత్తే. మన అక్షరానికి గుడి పైన, ఒత్తు కింద. పిల్లాడి చెయ్యి కాస్త పైకి జరిగిందంటే ఒత్తులు తెగిపోతాయి, ‘రాష్ట్రం’ కాస్తా ‘రాషం’ అవుతుంది. అసలే ఒత్తుల దగ్గర తడబడే పిల్లాడు. యంత్రం తప్పు చదివితే తప్పు తనదేననుకుంటాడు. అది గుర్తొస్తేనే నాకు నిద్ర పట్టదు.

అందుకే ఏ చదివే పరికరమైనా, యాప్ అయినా, ఆ పిల్లాడి పాఠ్యపుస్తకం మీదే పరీక్షించు. పది లైన్లు తీసుకో. అందులో ఒత్తులు దట్టంగా ఉన్నవి కొన్ని, అంకెలున్నది ఒకటి, జిరాక్స్ ప్రశ్నపత్రంలోది ఒకటి ఉండాలి. పట్టుకునేది పిల్లాడే, నువ్వు కాదు. ఎన్ని మాటలు తప్పు చదివిందో లెక్క రాయి. మన పుస్తకాల్లో ఇంగ్లిష్, తెలుగు ఎదురెదురు పేజీల్లో ఉంటాయి కదా, ఫోన్ కెమెరాతో చదివిస్తే రెండూ కలగాపులగం చేస్తుంది. ఒక పేజీని తెల్లకాగితంతో కప్పు. తర్వాత ఫోన్‌ని ఎయిరోప్లేన్ మోడ్‌లో పెట్టి మళ్ళీ చదివించు. ఇంటర్నెట్ మీద ఆధారపడేదైతే అక్కడే మూగబోతుంది, సిగ్నల్ లేని బడిలో జరగబోయేదీ అదే. తెలుగు గొంతు ఫోన్లోకి ముందే డౌన్‌లోడ్ అయిందో లేదో కూడా అప్పుడే తేలుతుంది.

కొత్త వెర్షన్ వచ్చిందని విన్నప్పుడూ ఇదే జాగ్రత్త. కంప్యూటర్ తెర మీదున్నది అంధులకు చదివి వినిపించే ఎన్‌వీడీఏలో ఏటా వచ్చే మొదటి వెర్షన్‌తో, అంటే చివర .1 ఉండేదానితో, దానికి తగిలించుకున్న పాత యాడ్-ఆన్లు చాలావరకు ఆగిపోతాయి, వాటిని తయారుచేసినవాళ్ళు సవరించేదాకా అంతే. కొత్తదాన్ని ముందు పెన్‌డ్రైవ్‌లో పోర్టబుల్ కాపీగా పెట్టి చూడు. పరీక్షల నెలలో పిల్లల కంప్యూటర్ జోలికి అసలు వెళ్ళకు.

చట్టాల విషయంలోనూ అది ఏ దేశానిదో మర్చిపోకు. అమెరికా వాళ్ళు ఏడీఏ అంటారు, అది వాళ్ళ వికలాంగుల చట్టం, ఆ హక్కులు మన పిల్లలకు వర్తించవు. మనకున్నది 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం, 21 రకాల వైకల్యాలను గుర్తించింది. డిజిటల్ సేవలు అందుబాటులో ఉండటం జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 30న చెప్పింది. అది బాగా చదువుకో. పరికరం కావాలంటే తల్లిదండ్రుల్ని అప్పు చేయనివ్వకుండా ముందు యూడీఐడీ కార్డు, అంటే వికలాంగుల గుర్తింపు కార్డు ఉందో లేదో చూసి, పరికరాలిచ్చే కేంద్రం వారి ఆడిప్ పథకం కింద, వాటిని తయారుచేసే ప్రభుత్వ సంస్థ అలిమ్‌కో శిబిరంలో ఏమొస్తుందో కనుక్కో.

ఒక చిన్న నోటు పుస్తకం పెట్టు. ఎపిసోడ్ తేదీ, మాట్లాడింది తయారీదారా, వాడుతున్న మనిషా, ధర ఏ దేశానిది, పాడైతే బాగుచేసేదెక్కడ, తెలుగు వచ్చా అన్నవి రాసుకో. పాత ఎపిసోడ్ వింటూ కొత్త సంగతి అనుకోవడం చాలా తేలిక, అందుకే తేదీ ముందు రాయమంటున్నాను. తెలుగు దగ్గర ఖాళీ ఉంటే అది నిండేదాకా ఏ తల్లితోనూ ఆ మాట ఎత్తకు. ఒక్కసారి ఆశ పుట్టించాక వెనక్కి తీసుకోలేవు బంగారం.

ఇళ్ళకు వెళ్ళే రోజుల్లో స్కూటీ మీద ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నావని తెలిస్తే మాత్రం ఊరుకోను. బస్సులో విను, అదీ ఒక్క చెవిలోనే, దిగాల్సిన స్టాపు దాటిపోకుండా. ఆదివారం ఫోన్ చేసి ఈ వారం ఏం విన్నావో చెప్పు. నోటు పుస్తకం పక్కన పెట్టుకుని మరీ చెయ్యి, తెలుగు గడి గురించే ముందు అడుగుతాను.

ఇట్లు,
నీ పెద్దమ్మ