కొట్టు దగ్గర ప్రశ్నలు వేసే అమ్మాయికి ఏ కోర్సు?

ప్రశ్న: మాది పర్లాకిమిడిలో కిరాణా కొట్టు. పాప బీకాం ఆఖరి సంవత్సరం. ఎంబీఏ మార్కెటింగ్ చేసి, జనం ఏది ఎందుకు కొంటారో తెలుసుకునే కన్స్యూమర్ రీసెర్చ్‌లోకి వెళ్తానంటోంది. నాకేమో హైదరాబాద్‌లో ఆరు నెలల డేటా అనలిటిక్స్ కోర్సు మేలనిపిస్తోంది. ఫీజు లక్షన్నర, ఈ నెలలోనే అడ్వాన్స్ కట్టాలట. పాపకు ఇంట్లో తెలుగు, బయట ఒడియా, ఇంగ్లిష్ అంతంతమాత్రం. చదువు కంటే కొట్టుకొచ్చిన వాళ్లను ‘ఇదెందుకు కొన్నారు, అదెందుకు వద్దన్నారు’ అని అడగడం మీదే ధ్యాస. రెండింటినీ పోల్చి చెప్పండి. – ఒక తండ్రి

జవాబు: అయ్యా, బరంపురం నుంచి రాయగడ దాకా ఈ ప్రశ్న నాకు ఏటా వస్తుంది. కోర్సు పేరు మారుతుంది, అంతే. మీరు అడిగింది కోర్సు గురించే అయినా మీ మనసులో ఉన్నది వేరే. ‘అటు ఆంధ్రాకూ కాకుండా, ఇటు ఒడిశాకూ కాకుండా ఉన్న మా పిల్లను బయట ఎవరు లెక్కచేస్తారు?’ అన్నదే మీ దిగులు. ముందు దాని సంగతి చూద్దాం.

పాతపట్నం మీకు పక్క ఊరే అయినా అటు సీటుకు వెళ్తే స్థానికత లెక్క అడ్డొస్తుంది. ఇటు ప్రభుత్వ ఉద్యోగానికి ఒడియా పాసైన కాగితం అడుగుతారు. ఇలా రెండు వైపులా దెబ్బ తిన్నవాళ్లకు భయం ఉంటుంది, కాదనను. కానీ కన్స్యూమర్ రీసెర్చ్‌లో ఆ కాగితాలు ఎవరూ అడగరు. కొత్త సబ్బు అమ్మాలనుకున్న కంపెనీ ఆరుగురినో ఎనిమిది మందినో ఒకచోట కూర్చోబెట్టి మాట్లాడిస్తుంది. ఆ మాటలు నడిపించే మనిషిని మోడరేటర్ అంటారు. మీ వీధిలో ఆడవాళ్లు ఒక్క వాక్యంలోనే తెలుగులోంచి ఒడియాలోకి, మళ్లీ తెలుగులోకి వచ్చేస్తారు. ఒక్క భాషే వచ్చిన మోడరేటర్‌కి అందులో సగమే అందుతుంది. మీ అమ్మాయికి అంతా అందుతుంది. మీరేమో దాన్ని లోపమన్నట్టు రాశారు. నాకు కోపం వచ్చింది, దాచుకోను.

మీతో ఫోన్‌లో మాట్లాడిన రోజు పాపతోనూ పది నిమిషాలు మాట్లాడాను. సంత రోజున కొండ మీద నుంచి వచ్చే ఒక సవర ఆమె ఎప్పుడూ పది రూపాయల నూనె సీసాయే కొంటుందట. పెద్దది చవక పడుతుంది కదా, చేతిలో డబ్బులు కూడా ఉన్నాయి కదా అని పాప అడిగింది. ‘పెద్ద సీసా తీసుకెళ్తే ఇంట్లో అందరిదీ అవుతుంది. చిన్నదైతే నా పెట్టెలో పెట్టుకుంటాను’ అందట ఆమె.

ఈ పనిలోకి రాకముందు నేను 14 ఏళ్లు మార్కెటింగ్ స్ట్రాటజీలో ఉన్నాను. ఆ ఒక్క మాట విలువ నాకు తెలుసు. అమ్మకాల లెక్కలో కనిపించేది ‘ఇక్కడ చిన్న సీసాలు ఎక్కువ పోతున్నాయి’ అన్నదే. అది చూసి వీళ్లు పేదవాళ్లు, ధర తగ్గిద్దాం అనుకుంటారు. పాప విన్న మాట నా బల్ల మీదికి వచ్చి ఉంటే ధర జోలికి పోయేవాణ్ణి కాదు. పెట్టెలో చీరల మధ్య కారకుండా ఉండే మూత చేయించేవాణ్ణి. ఆ మాట నిజమో కాదో ఇంకో నలభై మందిని అడిగి చూసుకునేవాణ్ణి కూడా. కొనేవాళ్ల మనసులోని అసలు కారణం ఇలా దొరికితే దాన్నే మా రంగంలో ఇన్‌సైట్ అంటారు.

ఇక మీరు ముచ్చటపడుతున్న డేటా కోర్సు. లెక్కలు వద్దని నేను అనడం లేదు. 2011లో ఇళ్లను వర్గాలుగా విడదీసే ఎన్‌సీసీఎస్ (న్యూ కన్స్యూమర్ క్లాసిఫికేషన్ సిస్టమ్) అనే పద్ధతి వచ్చింది. ఇంటి ప్రధాన సంపాదనపరుడి చదువు ఎంత, కరెంటు కనెక్షన్, ఫ్యాను మొదలు కారు, వ్యవసాయ భూమి దాకా ఒక జాబితాలోని 11 వాటిలో ఇంట్లో ఎన్ని ఉన్నాయి అన్న రెండు విషయాలతోనే ప్రతి ఇంటినీ ఒక వర్గంలో పెడతారు. అది పనికొచ్చే కొలతే. దాంతో ఆ సవర ఆమెది ఏ వర్గమో తెలుస్తుంది, చిన్న సీసా ఎందుకో మాత్రం తెలియదు. కార్న్‌ఫ్లేక్స్ అమ్మే కెలాగ్స్ కంపెనీ 1994లో మన దేశానికి వచ్చినప్పుడు మనవాళ్లు పొద్దున్నే పాలు వేడిగా పోసుకున్నారు, ఫ్లేక్స్ కాస్తా మెత్తబడిపోయాయి. ఇలాంటిది వంటింట్లో నిలబడి చూస్తేనే తెలుస్తుంది.

ఆరు నెలల్లో ఉద్యోగం గ్యారంటీ అనే కోర్సుల మీద నాకు చాలా అనుమానాలున్నాయి. అక్కడ నేర్పేది ఎక్కువగా సాఫ్ట్‌వేర్ బటన్లు నొక్కడం. ఏ ప్రశ్న అడగాలో నేర్పరు. పైగా ఆ బటన్ల పని ఏఐ చకచకా చేసేస్తోంది. మనుషుల్ని అడగడం మానేసి, ఏఐతో ఉత్తుత్తి వినియోగదారుల్ని తయారుచేసి వాళ్లచేతే జవాబులు చెప్పించేవాళ్లు కూడా బయల్దేరారు. గుమ్మ బ్లాకు కొండల్లోని ఆడమనిషి పెట్టె సంగతి ఏ కంప్యూటర్‌కీ ఎవరూ చెప్పలేదు. అడ్వాన్స్ కట్టమని తొందరపెట్టే చోట అసలు కట్టొద్దు.

పాప ఎంచుకున్న దారీ నల్లేరు మీద నడక కాదు. మొదట్లో జీతం తక్కువ. ఎండలో గడపగడపకీ తిరగాలి, ముఖం మీదే తలుపు వేసేవాళ్లుంటారు. మోసమూ ఉంది. నేను చేరిన మొదటి ఏడాదే ఒక సంస్థలో టీ బడ్డీ దగ్గర కూర్చుని దొంగ సర్వే ఫారాలు నింపడం చూశాను, ఆ ఫారాలతోనే రిపోర్టు వెళ్లింది. అలాంటి చోట నిజం రాసే మనిషికి మొదట కష్టమే, కానీ క్లయింట్లు మళ్లీ మళ్లీ పేరు పెట్టి అడిగేది ఆ మనిషినే.

ఏంచేయాలంటే, డిగ్రీతో పాటు స్టాటిస్టిక్స్ పునాది, ఎక్సెల్ బాగా నేర్చుకోమనండి, దానికి లక్షన్నర అక్కర్లేదు. ఇంగ్లిష్‌లో రోజూ ఒక పేజీ రాయమనండి, రిపోర్టు రాయడానికి అది చాలు. ఆ తర్వాత బరంపురం విశ్వవిద్యాలయం, భువనేశ్వర్ ఎక్స్‌ఐఎంబీ, విశాఖ ఐఐఎం, అహ్మదాబాద్ మైకా లాంటి మేనేజ్‌మెంట్ చదువులు చెప్పే చోట్లను చూడొచ్చు. ఫీజు మీ తాహతుకు మించితే రెండేళ్లు ఏదైనా రీసెర్చ్ సంస్థలో పనిచేసి వెళ్లినా నష్టం లేదు, ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికి సొంత అనుభవం ఉంటుంది.

మీరు చేయాల్సింది ఒకటుంది. వచ్చే మూడు నెలలు సాయంత్రాలు పాపను కొట్టులో కూర్చోనివ్వండి, ప్రశ్నలు వేస్తుంటే కసరకండి. ఒక నోటుబుక్ ఇచ్చి, ఎవరు ఏం కొన్నారు, ఏమన్నారు అన్నది వాళ్ల మాటల్లోనే, తెలుగైతే తెలుగు, ఒడియా అయితే ఒడియా, రాసుకోమనండి. అది నిండాక ఫొటోలు తీసి పంపండి. ఏ కాలేజీకి అప్లై చేయాలో అప్పుడు ముగ్గురం మాట్లాడుకుందాం.