డాక్టర్ సలహా: కీమో మధ్యలో రాత్రి జ్వరం వస్తే తెల్లారేదాకా ఆగొచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 41. మా మామగారికి 66 ఏళ్లు, లింఫోమా (లింఫ్ గ్రంథుల కాన్సర్) అని తేలింది. 21 రోజులకొకటి చొప్పున ఆరు కీమోలు చెప్పారు, మూడు అయ్యాయి. ఇంట్లో ఆయన్ని చూసుకునేది నేనే. కీమో అయ్యాక నాలుగైదు రోజులు ఆయనకు నిద్ర ఉండదు, చీటికీమాటికీ కసురుతారు. తర్వాత నీరసంగా పడుకుండిపోతారు. నేనూ విసుక్కుంటున్నాను, ఆ వెంటనే బాధపడుతున్నాను. మావారు ఆఫీసు నుంచి వచ్చి ఫోన్ పట్టుకుని కూర్చుంటారు. పిల్లలకు (14, 9 ఏళ్లు) తాతయ్యకు కడుపులో పుండు అని చెప్పాం. బంధువులేమో ఆయన కంచం, గ్లాసు వేరుగా పెట్టమంటున్నారు. ఇల్లు మళ్లీ మామూలుగా నడవాలంటే ఏం చేయాలి? పిల్లలకు నిజం చెప్పాలా? పోయిన వారం, మూడో కీమో అయిన తొమ్మిదో రోజు రాత్రి 101 జ్వరం వచ్చింది. మర్నాడు పెద్దవాడికి పరీక్ష ఉందని ఎవర్నీ లేపకుండా పారాసిటమాల్ వేశాను, తగ్గిపోయింది. నిద్ర పట్టక మూడు వారాలుగా ఆయనకు రాసిన ఆల్ప్రజోలామ్‌లో సగం మాత్ర రోజూ వేసుకుంటున్నాను. నా బీపీ మాత్రలు అయిపోయి పది రోజులైంది.

జవాబు: అమ్మా, మీరు ఇంటి గురించి అడిగారు. నేను జ్వరంతో మొదలుపెడుతున్నాను. మీరు చివర్లో, అయిపోయిన సంగతిలా రాసిన ఆ రెండు మాటలే నన్ను కంగారుపెట్టాయి.

మామగారిని నేను చూడలేదు, ఆయన రిపోర్టులు నా దగ్గర లేవు. కాబట్టి ఇక్కడ రాసేది ఇలాంటి పేషెంట్లకు సాధారణంగా వర్తించే మాట మాత్రమే. ఆయనకు వైద్యం చేస్తున్న డాక్టర్ ఇంకోలా చెబితే వారి మాటే వినండి.

కీమో మందు కాన్సర్ కణాలతో పాటు ఎముక మజ్జను కూడా దెబ్బతీస్తుంది. తెల్ల రక్తకణాలు తయారయ్యేది అక్కడే. మూడు వారాలకొకటి ఇచ్చే కీమోలో ఆ కణాలు బాగా పడిపోయేది మామూలుగా ఏడో రోజుకీ పద్నాలుగో రోజుకీ మధ్య. మీరు చెప్పిన తొమ్మిదో రోజు సరిగ్గా ఆ రోజుల్లోనే ఉంది. ఇన్ఫెక్షన్‌ని మొదట అడ్డుకునే న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు ఆరోగ్యంగా ఉన్నవారిలో ఒక మైక్రోలీటరు రక్తంలో 1,500కు పైనే ఉంటాయి. అవి 500 కంటే కిందికి పడితే, మన పేగుల్లో, నోట్లో ఎప్పుడూ ఉండే బాక్టీరియాయే రక్తంలోకి చేరి కొన్ని గంటల్లో ప్రాణం మీదికి తేగలదు. చీము పట్టాలన్నా, గొంతు ఎర్రగా వాచాలన్నా ఆ కణాలే కావాలి. అవి లేనప్పుడు దగ్గూ కఫమూ కనబడకపోవచ్చు, గొంతు చూస్తే బాగానే ఉంటుంది. చాలాసార్లు బయటపడే గుర్తు జ్వరం ఒక్కటే. ఆ ఒక్క గుర్తునూ పారాసిటమాల్‌తో చెరిపేశారు. వేడి తగ్గింది గానీ, జ్వరం ఎందుకొచ్చిందో ఎవరూ చూడలేదు.

ఈసారికి ఏమీ కాలేదు, సంతోషం. కానీ "తగ్గిపోయింది" అని మీరు రాసిన మాట దగ్గర నేను ఆగిపోయాను. నా సర్వీసులో కీమో పేషెంట్ల ఇళ్ల నుంచి ఎక్కువగా విన్న మాట "తెల్లారాక వెళ్దామనుకున్నాం" అన్నది. వాళ్లంతా పేషెంట్‌ను ప్రేమగా చూసుకున్నవాళ్లే. పిల్లలు నిద్రపోతున్నారని, మర్నాడు ఆఫీసుందని, అర్ధరాత్రి డాక్టర్‌ను ఇబ్బంది పెట్టడం ఎందుకని ఆగినవాళ్లే. మీరూ అలాగే ఆగారు. ఇంకోసారి ఆగొద్దు. పెద్దవాడి పరీక్షకు ఇంకో అవకాశం ఉంటుంది, ఆ జ్వరానికి ఉండకపోవచ్చు.

కీమో జరుగుతున్నన్నాళ్లూ 100.4 ఫారన్‌హీట్, అంటే 38 సెల్సియస్, లేదా అంతకంటే ఎక్కువ కనబడితే అది ఎమర్జెన్సీ. మీ హాస్పిటల్ వేరే అంకె చెప్పి ఉంటే దాన్నే పాటించండి. ముందు థర్మామీటర్ పెట్టి చూడండి, అంకె రాసుకోండి, వెంటనే ఫోన్ చేసి బయల్దేరండి. పారాసిటమాల్ వేయాలా వద్దా అన్నది ఫోన్‌లో వాళ్లను అడిగాకే. ఐబూప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలైతే అడగకుండా అసలు వేయకండి. కీమోతో, రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన ప్లేట్‌లెట్లు కూడా తగ్గి ఉండొచ్చు కాబట్టి రక్తస్రావం భయం ఉంటుంది, కిడ్నీలకూ మంచిది కాదు. ఎప్పుడో మిగిలిపోయిన యాంటీబయాటిక్ మొదలుపెట్టడం అన్నిటికంటే పెద్ద తప్పు. క్యాజువాలిటీలో మొదటి మాటే "కీమో పేషెంట్, తొమ్మిదో రోజు, జ్వరం" అని చెప్పండి. ఇలాంటివారికి వచ్చిన గంటలోపే నరానికి యాంటీబయాటిక్ పడాలన్నది వైద్యులు పాటించే నియమం. లైన్‌లో కూర్చోబెడితే అడగడానికి మొహమాటపడకండి. వెళ్తే తప్పకుండా అడ్మిట్ చేసేస్తారన్న భయం కూడా వద్దు. రక్తపరీక్ష చూశాక కొందరికి మాత్రలిచ్చి ఇంటికే పంపుతారు. ఆ నిర్ణయం డాక్టర్‌ది కావాలి, ఇంట్లో మనది కాకూడదు.

జ్వరం లేకుండా కూడా ఇన్ఫెక్షన్ ఉండొచ్చు, ముఖ్యంగా స్టెరాయిడ్ వాడే రోజుల్లో. వణుకు, ఆయాసం, మాట తడబడటం, మగతగా ఉండటం, మూత్రం బాగా తగ్గిపోవడం, వీటిలో ఏది కనిపించినా థర్మామీటర్ ఎంత చూపించినా వెళ్లాల్సిందే.

పోయిన వారం జ్వరం సంగతి ఈ రోజే ఫోన్ చేసి చెప్పండి. మీ లెక్క ప్రకారం నాలుగో కీమో దగ్గరపడింది. తర్వాతి డోసు ఎంత ఇవ్వాలి, తెల్లకణాలు పెరిగే ఇంజెక్షన్ కలపాలా అన్నవి డాక్టర్లు ఇలాంటి విషయాల్ని బట్టే తేలుస్తారు. వాళ్లకు తెలియకపోతే మళ్లీ తొమ్మిదో రోజు రాత్రి మీరు అదే చోట నిలబడతారు.

ఇప్పుడు ఇంటి సంగతి. మామూలుగా నడవాలన్నారు. ఆరు కీమోలు అయ్యేదాకా పాత పద్ధతిలో నడవదమ్మా, నడవాలని పట్టుబట్టడం వల్లే ఆ రాత్రి ఎవర్నీ లేపలేదు. క్యాలెండర్‌లో ప్రతి కీమోకూ ఏడు నుంచి పద్నాలుగో రోజు వరకు గీత గీయండి. ఆ వారం రాత్రిపూట హాస్పిటల్‌కి వెళ్లాల్సి వస్తే బండి ఎవరు తీస్తారు, పిల్లల దగ్గర ఎవరుంటారు, ఏ నంబరుకు ఫోన్ చేయాలి అన్నవి ముందే తేల్చి గోడకు అంటించండి. రిపోర్టుల ఫైలు, మందుల చీటీ, ఒక జత బట్టలు సంచిలో సర్ది పెట్టండి. మీ వారి సంగతి: భార్యాభర్తల మధ్య మాటలు ఎలా మొదలుపెట్టాలో చెప్పేంత అనుభవం నాకు లేదు. కానీ తండ్రి జబ్బు చూసి ఏం చేయాలో తోచక ఫోన్‌లో తలదూర్చే కొడుకులను రోజూ చూస్తున్నాను. "కాస్త సాయం చేయండి" అంటే వాళ్లకు అర్థం కాదు. రాత్రి పది గంటలకు నాన్నగారి టెంపరేచర్ చూసి పుస్తకంలో రాయడం మీ పని అని చెప్పండి, దానికి ఆయనే బాధ్యుడు.

మామగారి చిరాకు గురించి. లింఫోమా కీమోతో పాటు మొదటి ఐదు రోజులు ప్రెడ్నిసలోన్ అనే స్టెరాయిడ్ ఇవ్వడం చాలా మామూలు. ఆయన చీటీలో ఉందేమో చూడండి. ఉంటే ఆ నిద్రలేమి, ఆ కసురుకోవడం చాలావరకు ఆ మాత్రదే కావచ్చు. తర్వాత వచ్చే నీరసంలో కూడా కొంత ఆ మాత్ర ఆగడం వల్ల రావచ్చు. ఆయన మిమ్మల్ని కసిరారని మీరు మనసులో పెట్టుకోనక్కర్లేదు. డాక్టర్‌ను అడిగి, ఆ మాత్ర మొత్తం ఉదయం తిన్న తర్వాత వేసేలా చూసుకుంటే రాత్రి కొంత నయంగా ఉంటుంది. ఆ రోజుల్లో షుగర్ కూడా పెరగొచ్చు. చేతిలోంచి గ్లాసు జారిపోవడం, బొత్తాలు పెట్టుకోలేకపోవడం, రోజుల తరబడి విరేచనం కాకపోవడం ఉంటే వయసు అనుకుని వదిలేయకండి. లింఫోమా కీమోలో తరచుగా ఇచ్చే విన్‌క్రిస్టిన్ అనే మందు నరాలను దెబ్బతీస్తే ఇలా జరుగుతుంది, డోసు మార్చాల్సి రావచ్చు.

కంచం, గ్లాసు వేరుగా పెట్టక్కర్లేదు. కాన్సర్ అంటుకోదు. మనవలు ఆయన పక్కన కూర్చోవచ్చు, హత్తుకోవచ్చు. కీమో అయిన 48 గంటలు మాత్రం ఆయన వాంతి, మూత్రం, వాటితో తడిసిన బట్టలు శుభ్రం చేసేటప్పుడు గ్లవ్స్ వేసుకోండి, టాయిలెట్ మూత వేసి రెండుసార్లు ఫ్లష్ చేయండి. నిజానికి మీ నుంచి ఆయనకు ఏం అంటుకుంటుందో అన్నదే నా భయం.

అందుకే పిల్లలకు నిజం చెప్పమంటాను. పద్నాలుగేళ్లవాడు ఈపాటికే ఆ మాత్రల పేర్లు ఫోన్‌లో వెతికి ఉంటాడని నా అనుమానం. జబ్బు పేరు చెప్పండి, మందు ఇస్తున్నారని చెప్పండి, నీవల్ల రాలేదు, అంటుకోదు అని చిన్నవాళ్లకు విడిగా చెప్పండి. తప్పకుండా తగ్గిపోతుందని మాట ఇవ్వకండి. తాతయ్యకు ఇన్ఫెక్షన్ సోకకూడదని తెలిసిన పిల్లలే క్లాసులో ఎవరికో ఆటలమ్మ వచ్చిందని, తమకు గొంతు నొప్పిగా ఉందని ఇంటికొచ్చి చెబుతారు. కడుపులో పుండు అని నమ్మినవాళ్లు ఎందుకు చెబుతారు? ఆటలమ్మ వచ్చినవారి దగ్గరకు మామగారు వెళ్లారని తెలిస్తే అదే రోజు డాక్టర్‌కు చెప్పాలి. పిల్లలకు టీకా వేయించేటప్పుడు ఇంట్లో కీమో పేషెంట్ ఉన్నారని చెప్పండి. ఇంట్లో మిగతావారు ఫ్లూ టీకా వేయించుకోవడం గురించి కూడా అడగండి.

ఇక మీరు. ఇంకొకరికి రాసిన నిద్రమాత్ర వేసుకోవడం నాకు ఏమాత్రం నచ్చలేదు. ఆల్ప్రజోలామ్ కొన్ని వారాల్లోనే అలవాటైపోతుంది. మూడు వారాలు రోజూ వేసుకున్నారు కాబట్టి ఇది చదివి ఈ రాత్రే ఒక్కసారిగా మానేయకండి, ఒక డాక్టర్‌ను కలిసి వాళ్లు చెప్పినట్టు తగ్గించండి. అంతదాకా పెంచవద్దు, దాంతో వేరే మత్తు మందులు కలపవద్దు. ఇంకో మాట. రాత్రి మామగారు వణుకుతూ పిలిస్తే లేవాల్సిన మనిషి మీరు. ఆ మాత్ర వేసుకుని పడుకుంటే మెలకువ రాకపోవచ్చు. ఆ విషయం తేలేవరకు రాత్రిళ్లు మీ వారు ఆయన గదిలో పడుకోవాలి.

బీపీ మాత్రలు పది రోజులు లేవు. కొన్ని రకాలు హఠాత్తుగా ఆపితే బీపీ ముందుకంటే పైకి పోతుంది. ఈ రోజే బీపీ చూపించుకోండి. మానేసిన రోజులకు కలిపి రెండేసి మాత్రలు వేసుకోకండి, మళ్లీ ఎలా మొదలుపెట్టాలో అడిగి వేసుకోండి. రీడింగ్ 180/120 దాటి, ఛాతీ నొప్పి, ఆయాసం, చూపు మసకబారడం, మాట ముద్దగా రావడం లాంటివి ఉంటే నేరుగా క్యాజువాలిటీకే.

విసుక్కున్నందుకు బాధపడుతున్నానన్నారు. నిద్ర లేక, బీపీ మందు లేక, మత్తు మాత్ర మీద నడుస్తున్న మనిషి విసుక్కోకపోతేనే ఆశ్చర్యం. అయితే రెండు వారాలకు మించి దిగులుగానే ఉన్నా, దేని మీదా ఆసక్తి లేకపోయినా అది డాక్టర్‌కు చెప్పాల్సిన విషయం. బతకడం ఎందుకన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా అదే రోజు చెప్పాలి. నాలుగో కీమోకు మామగారిని తీసుకెళ్లినప్పుడు మీ పేరు మీద కూడా ఒక ఓపీ చీటీ తీసుకోండి.