పచ్చగా ఉన్న టమాటా ఎందుకు వాలిపోతోంది?

ప్రశ్న: మావారి బదిలీ మీద జూన్‌లో అనంతపురం నుంచి అమలాపురం వచ్చాం. అక్కడ పెరట్లో టమాటా, మిరప బాగా కాసేవి. ఇక్కడ కూడా జులైలో అలాగే మళ్ళు చేసి నాటాను. పూత దాకా బాగానే ఉండి, ఆకు పచ్చగా ఉండగానే టమాటా మొక్కలు ఒక్కొక్కటే వాలిపోతున్నాయి. నీళ్ళు పోస్తే ఇంకా తొందరగా పోతున్నాయి. ఏ మందు కొట్టాలి?
– ఒక పాఠకురాలు, అమలాపురం

జవాబు: మందు కొనకండమ్మా, ముందు నీళ్ళు ఆపండి. వాలిన మొక్క కాండాన్ని మొదట్లో కోసి, గాజు గ్లాసులో నీళ్ళు పోసి, కోసిన కొస మునిగేలా కదపకుండా పట్టుకోండి. కాసేపటికి పాలలాంటి తెల్లటి ధారలు కిందికి జారితే అది బాక్టీరియా ఎండు తెగులు. అవి రాకుండా, వేళ్ళు నల్లబడి కంపు కొడుతుంటే నీరు నిలిచి కుళ్ళినట్టు. తెగులైతే మొక్కను వేళ్ళతో సహా పెరికి తగలబెట్టండి, ఎరువు గుంటలో వేయొద్దు. తెగులు మట్టిలోనే ఉండిపోతుంది కాబట్టి ఆ చోట రెండు మూడేళ్ళు టమాటా, వంగ, మిరప పెట్టకండి.

రెండిటికీ ఊతం తడి నేలే. నా పుట్టిల్లు కళ్యాణదుర్గం. అక్కడ మడి అంటే పల్లంగా చేసి చుట్టూ గట్టు వేస్తాం, పడిన చినుకు బయటికి పోకూడదని. పెళ్ళయి రాజోలు వైపు వచ్చాక చూశాను, మా అత్తగారు పెరట్లో బోదె తవ్వి, ఆ మట్టిని పక్కన ఎత్తుగా పోసి, దాని మీద మిరప నాటేవారు. శ్రావణంలో బోదె నిండా నీళ్ళుండేవి, మొక్క మాత్రం పైన హాయిగా ఉండేది. అనంతపురంలో ఏడాదికి 550 మిల్లీమీటర్లు పడితే, ఇక్కడ దానికి దాదాపు రెట్టింపు. పైగా ఇది గోదావరి తెచ్చిన ఒండ్రు, బంకమన్ను, నీరు త్వరగా దిగదు. ధవళేశ్వరం నుంచి కాలువలు వదిలి చుట్టూ ఊడ్పులు మొదలయ్యాయంటే పెరట్లో నేల లోపలి నీరు కూడా పైకొస్తుంది.

పెరటి మూల అడుగున్నర లోతు గొయ్యి తీసి మర్నాడు చూడండి. అందులో నీరు ఎంత పైదాకా ఊరిందో, దానికి అడుగైనా ఎత్తున మొక్క మొదలు ఉండాలి. మెరక చేసే మట్టిలో ముతక ఇసుక, మాగిన పశువుల ఎరువు కలపండి. అనంతపురంలో ఎంతో మేలు చేసే కొబ్బరి పొట్టు ఈ వానల్లో వద్దు, తడిని పట్టి ఉంచేస్తుంది.

వానాకాలానికి చేమ, బచ్చలి పెట్టుకోండి. ఇక్కడి బచ్చలి తీగను ఆపడం కష్టం, కందతో కలిపి వండి చూడండి, ఈ ఊరు నచ్చుతుంది! టమాటా నారు అక్టోబరులో పోసి, వానలు తగ్గాక నవంబరులో కొత్త చోట నాటండి. తుపాను కబురు వింటే నాటు ఆపండి. వేసవిలో కాలువలు కట్టేశాక సముద్రం దగ్గరి ఊళ్ళలో బావినీళ్ళు ఉప్పదేలతాయి. నోట్లో వేసుకుని చూశాకే మొక్కలకు పోయండి.

మిరప ఇంకా బతికే ఉంటే ఈ వారమే ఆ గట్లు తెగ్గొట్టి, పక్కన బోదె తీసి, నీరు బయటికి పోయే దారి ఇవ్వండి.