మొదటి బ్యాచ్ బకెట్‌లో పోశాక ఏం చెయ్యాలంటే

అబ్బాయ్,

మొత్తానికి ఇంట్లో బీర్ చేసుకునే కిట్ కొనేశావన్నమాట, చాలా సంతోషం. మూతున్న ప్లాస్టిక్ బకెట్, ఎయిర్‌లాక్ (లోపలి గ్యాస్‌ని బయటికి వదిలి, గాలిని లోపలికి రానివ్వని బుడ్డి), హైడ్రోమీటర్ (నీళ్లతో పోలిస్తే ద్రవం ఎంత చిక్కగా ఉందో చూపే గాజు గొట్టం), ఓ థర్మామీటర్ ఉంటే మొదటి బీర్‌కి చాలు, స్టీల్ ట్యాంకుల జోలికి ఇప్పుడే పోకు. నువ్వుండే చోట ఇంట్లో బీర్ చేసుకోవడానికి చట్టం ఒప్పుకుంటుందో లేదో ముందు కనుక్కో, అది తేలాకే మొదలుపెట్టు. వోర్ట్, అంటే ఈస్ట్‌తో పులిసి బీర్ అయ్యే మొలకెత్తిన బార్లీ తీపి నీళ్లు, మరిగించడం కిట్‌తో వచ్చిన కాగితంలో ఉంటుంది, అది చూసి చేసెయ్. నేను చెప్పేదంతా బకెట్‌లో పోశాక సంగతి, రుచి బాగుపడినా చెడినా ఎక్కువగా అక్కడే.

ముందు శుభ్రం. కడగడం వేరు, శానిటైజ్ చెయ్యడం వేరు. కంటికి కనిపించే మడ్డి పోయేదాకా కడిగి, ఆ తర్వాతే శానిటైజర్ పట్టించాలి, మడ్డి మీద శానిటైజర్ పోస్తే ఏం లాభం లేదు. మరిగి చల్లారిన వోర్ట్‌కి తగిలే ప్రతిదీ, అంటే బకెట్, మూత, గరిటె, కుళాయి, ఆఖరికి ఈస్ట్ ప్యాకెట్ కోసే కత్తెర కూడా. బకెట్‌ని పీచుతో రుద్దకు, మెత్తటి గుడ్డ వాడు, ఎందుకంటే గీతలు పడ్డాయా వాటిల్లో బ్యాక్టీరియా దూరి కూర్చుంటుంది.

ఇక అసలు విషయం టెంపరేచర్. ఒక్కటే గుర్తుపెట్టుకుంటానంటే ఇదే గుర్తుపెట్టుకో. మామూలు ఏల్ ఈస్ట్‌కి (ఏల్ అంటే కాస్త వెచ్చగా పులియబెట్టే బీర్ రకం) 18 నుంచి 20 డిగ్రీలు బావుంటుంది, వోర్ట్ అక్కడిదాకా చల్లారాకే ఈస్ట్ వెయ్యి, వెయ్యడానికి ముందు బాగా గిలక్కొట్టి గాలి పట్టనివ్వు, ఈస్ట్ పెరగడానికి ఆ ఆక్సిజన్ కావాలి. చాలామంది గది టెంపరేచర్ చూసుకుని నిశ్చింతగా ఉంటారు, కానీ ఈస్ట్ పనిచేసేటప్పుడు దానంతటదే వేడి పుట్టిస్తుంది, జోరుగా ఉన్నప్పుడు బకెట్ లోపల గది కంటే మూడు నాలుగు డిగ్రీలు ఎక్కువే ఉంటుంది. గది 24 ఉంటే లోపల 28 అన్నమాట, అప్పుడు వచ్చే బీర్ థిన్నర్ వాసనతో గొంతులో మంటగా దిగుతుంది, ఎన్నాళ్లు దాచినా ఆ ఘాటు సరిగ్గా పోదు. మొదటి మూడు రోజులే కీలకం, ఆ మూడు రోజులూ బకెట్‌ని నీళ్ల టబ్‌లో పెట్టి, తడి టీషర్ట్ చుట్టి, ఫ్రీజర్‌లో గడ్డకట్టించిన నీళ్ల బాటిళ్లు పొద్దునొకటి రాత్రొకటి టబ్‌లో వేస్తూ ఉండు. అలా కూడా చల్లగా ఉంచలేకపోతే మామూలు ఏల్ ఈస్ట్‌తో కుస్తీ పట్టకు, క్వైక్ అనే నార్వే ఈస్ట్ తెచ్చుకో, అది 30 దాటినా హాయిగా పనిచేస్తుంది.

మర్నాడు పొద్దున్నే ఎయిర్‌లాక్‌లో బుడగలు రావట్లేదని కంగారుపడతావు, పడకు. ఒక్కోసారి రెండు మూడు రోజులకి గానీ మొదలవదు, పైగా బకెట్ మూతలు అంత గట్టిగా పట్టవు, గ్యాస్ పక్కనుంచి పోతుంటే ఎయిర్‌లాక్ కదలదు. మూత తియ్యకుండా టార్చ్ వేసి బయటినుంచి చూడు, పైన మీగడ రంగు నురగ, అందులో అక్కడక్కడ గోధుమ రంగు మచ్చలు, నురగ దిగిపోయాక గోడకి అంటుకున్న జిడ్డు చార కనిపిస్తాయి, అంతా బానే ఉందని అర్థం.

బుడగలు ఆగితే అయిపోయినట్టు కాదు, అయిందో లేదో చెప్పేది హైడ్రోమీటరే. ఈస్ట్ వేసే ముందు ఓ రీడింగ్ రాసి పెట్టుకో, 1.048 అనుకుందాం. రెండు వారాలయ్యాక కొంచెం తీసి చూడు, హైడ్రోమీటర్‌ని వేళ్లతో ఓసారి తిప్పి వదిలితే దానికి అంటుకున్న బుడగలు రాలిపోతాయి, అప్పుడు చదువు. 1.011 వచ్చిందనుకో, మూడు రోజులాగి మళ్లీ చూడు, అదే వస్తే అయినట్టు. తేడాని 131తో గుణిస్తే ఆల్కహాల్ శాతం, ఇక్కడ దాదాపు 4.8. తీసింది మళ్లీ బకెట్‌లో పొయ్యకు, రుచి చూడు. పచ్చి ఆపిల్ వాసనో వెన్న వాసనో వస్తే ఇంకో నాలుగైదు రోజులు అలాగే వదిలెయ్, ఈస్ట్ చాలావరకు తనే సర్దుతుంది. ఇంకో బకెట్‌లోకి మార్చమని ఎవరైనా చెప్తే వినకు, ఈ దశలో గాలి తగిలితే బీర్ తడి అట్టపెట్టె రుచికి తిరుగుతుంది.

బాటిల్‌లో నింపేటప్పుడు మాత్రం తొందర అస్సలు పనికిరాదు, ఇది రుచి సంగతి కాదు, ప్రమాదం సంగతి. పులియడం పూర్తికాకుండా నింపితే లోపల గ్యాస్ పెరిగి గాజు పేలుతుంది, ముక్కలు కళ్లలోకి రావచ్చు. బాటిల్‌లో బీర్‌కి గ్యాస్ పట్టడానికి లీటర్‌కి 6 గ్రాముల పంచదార లెక్కన తూకం వేసి, కొంచెం నీళ్లలో మరిగించి బీర్‌లో కలుపు, చెంచాలతో కొలవకు. మందపాటి బీర్ బాటిళ్లే వాడు. ఒక్కటి మాత్రం సోడా ప్లాస్టిక్ బాటిల్‌లో నింపు, రెండు వారాలకి అది నొక్కితే రాయిలా గట్టిగా ఉంటే మిగతావి కూడా రెడీ అయినట్టే, ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు.

మొదటి రీడింగ్ ఎంతొచ్చిందో, బకెట్ ఎన్ని డిగ్రీల్లో ఉందో నాకు మెసేజ్ పెట్టు.

మీ బాబాయ్