చలికి చల్లబడిన టర్కీ కోడి గుడ్డు పొదిగితే పిల్ల అవుతుందా?

అవుతుంది, గుడ్డు గడ్డకట్టకుండా ఉంటే చాలు. సుమారు 20 డిగ్రీల సెల్సియస్ కంటే దిగువన లోపలి పిండం ఎదుగుదల ఆగుతుందే గానీ చావదు; 37.5 డిగ్రీల దగ్గరి వెచ్చదనం తగిలాక మళ్లీ మొదలవుతుంది. కాకపోతే వారం దాటేకొద్దీ పిల్లయ్యే అవకాశం తగ్గుతుంది.

అమెరికాలోని మిన్నెసోటాలో వసంతంలోనూ రాత్రిళ్లు గట్టి చలే. అక్కడ టర్కీ పెట్ట పది పన్నెండు గుడ్లు పెట్టాకే పొదుగుకు కూర్చుంటుంది. మొదటి గుడ్డు అన్నాళ్లూ చల్లగా పడి ఉన్నా, పొదిగిన 28 రోజులకు పిల్లలు దాదాపు ఒకేసారి బయటికొస్తాయి.

చేతికి చల్లగా తగిలితే పాడైందనుకుని పారేస్తారు, అదే పొరపాటు. పాడయ్యేది గడ్డకట్టిన గుడ్డు. దాని పెంకు మీద తరచుగా సన్నటి చీలిక కనిపిస్తుంది. చల్లటి గుడ్డును నేరుగా ఇంక్యుబేటర్‌లో (గుడ్లు పొదిగే యంత్రంలో) పెట్టడమూ తప్పే. పెంకు చెమటపట్టి, ఆ తడితో సూక్ష్మక్రిములు లోపలికి పోతాయి. ముందు కొన్ని గంటలు గదిలో ఉంచాలి.